మన ఎండకు నిలిచే ఊదాపూల చెట్టు

ఆమధ్య ఒక జూన్ చివర్లో టొరంటో నుంచి మా అమ్మాయి ఒక ఫోటో పంపింది. కాలిబాట పక్కన వరుసగా చిన్న చెట్లు. ఏ చెట్టూ పక్కనున్న రెండంతస్తుల ఇంటిని దాటలేదు. కొమ్మ కొమ్మకీ మీగడ రంగు పూలగుత్తులు, ఒక్కోటి మూరెడు పొడుగు. కింద రాలిన పూలమీద పసిపిల్ల కూర్చుని ఆడుకుంటోంది.

‘లైలాక్ చెట్టంట నాన్నా. కరెంటు తీగల కిందైనా, ఇరుకు వీధిలోనైనా ఇవే నాటుతున్నారిక్కడ. మన వీధిలో నాటించరాదా?’

ఆ మాట చదివి బయటికొచ్చి మా వీధి వంక చూశాను. నంద్యాల పాతబస్తీ వీధి మాది. రెండు వైపులా నాపరాళ్ల అరుగులు, మధ్యలో సిమెంటు రోడ్డు, తల ఎత్తితే తీగలు. ఆరు వేపచెట్లున్నాయి. ఆరింటికీ నడినెత్తిన కోత. తీగకు కొమ్మ తగిలిందని ఏటా నరుకుతూ వచ్చారు. నరికిన చోట మళ్లీ చీపురుకట్టల్లా కొమ్మలు లేస్తాయి, మళ్లీ నరుకుతారు. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే ఊళ్లో నీడ ఇచ్చే చెట్టుకు ఇదీ గతి. ఆ ఆరింటిలో ఒకటి రెండేళ్ల కిందట పైనుంచి ఎండుతూ వచ్చి మోడైపోయింది.

మా అమ్మాయి అడిగింది పూల కోసం. నాకు మాత్రం ఆ ప్రశ్న మరోలా వినబడింది. తీగకు తగలకుండా, గోడ పగలగొట్టకుండా, ఈ రేగడిలో, ఈ ఎండలో బతికి, కళ్లకింపుగా పూసే చిన్న చెట్టు మనకేదీ? ఏడాదిపాటు నంద్యాల, ఆళ్లగడ్డ, అహోబిలం, మహానంది దారుల్లో చెట్లను చూస్తూ, నర్సరీల్లో అడుగుతూ తిరిగాను. తేలినదంతా ఈ కథనంలో పెడుతున్నాను.

ఆ చెట్టు ఇక్కడ ఎందుకు పూయదు

ముందు ఫోటోలోని చెట్టు సంగతి. అది జపాన్ లైలాక్. శాస్త్రీయ నామం సిరింగా రెటిక్యులేటా. ఇరవై నుంచి ముప్పై అడుగుల మధ్య ఆగిపోతుంది. కెనడా, అమెరికా నగరాల్లో ఎక్కువగా కనిపించే రకం పేరు ఐవరీ సిల్క్. 1973లో కెనడాలోని ఒంటారియోలో ఒక నర్సరీ దాన్ని విడుదల చేసింది. మంచులో మునిగినా, రోడ్డుమీద చల్లిన ఉప్పు వేళ్లకు తగిలినా తట్టుకుంటుంది. తీగల కింద ఇముడుతుంది. అందుకే అక్కడి మునిసిపాలిటీలకు అదంటే అంత ఇష్టం.

కానీ దానికి చలి కావాలి. ఒకటి రెండు చల్లటి రాత్రులు చాలవు, వారాల తరబడి గట్టి చలి ఉండాలి. ఆ చలిలో చెట్టుకు నిద్ర పట్టకపోతే మొగ్గ విచ్చుకోదు. మన డిసెంబరు రాత్రి దానికి చలి కింద లెక్కే కాదు. కొరియర్‌లో విత్తనాలు తెప్పించుకుని కుండీల్లో మొలిపించినవాళ్లున్నారు. మొలక వస్తుంది, ఏప్రిల్‌లో ఆకు అంచులు మాడతాయి, జూన్‌కి కుండీ ఖాళీ. లైలాక్ జాతిలో హిమాలయాల్లో పుట్టి పెరిగేది కూడా ఒకటుంది. అదీ అంతే, కొండచలి వదిలి దిగిరాదు. నంద్యాలలో లైలాక్ నాటొద్దు. డబ్బు, నీళ్లు, ఆశ మూడూ వృథా.

ఇక్కడే నన్ను కదిలించిన సంగతొకటి చెప్పాలి. లైలాక్ అనే మాట ఫ్రెంచి, అరబిక్ భాషల మీదుగా వెనక్కి వెళ్తే పారశీకంలో ‘నీలక్’ దగ్గర తేలుతుంది. లేత నీలపు ఛాయది అని దానర్థం. దాని వెనక ఉన్నది ‘నీల’, మన సంస్కృతపు మాటే. 19వ శతాబ్దంలో కడప, కర్నూలు సీమల్లో నీలిమందు పండించి మద్రాసు రేవుకు పంపారు మన రైతులు. ఆ నీలికి, ఈ లైలాక్‌కి వేరు ఒకటే. చెట్టు రాకపోయినా మాట మాత్రం మనింటిదే.

కుటుంబం చూసినా అంతే. వృక్షశాస్త్రం ప్రకారం లైలాక్ మల్లె కుటుంబానికి చెందింది. మన మల్లె, జాజి, పారిజాతం అన్నీ దానికి దాయాదులు. అంటే లైలాక్ సొంత చుట్టం మన పెరట్లోనే తెల్లవారుజామున పూలు రాల్చుకుంటూ నిలబడి ఉంది.

లైలాక్ పేరు పెట్టుకున్న చెట్లు

ఇంగ్లీషువాళ్లు ఊరికొక చెట్టుకి లైలాక్ అని పేరు పెట్టుకుంటూ పోయారు. తమ దేశపు పూలమీద బెంగ కావచ్చు. మన వేపను ఇండియన్ లైలాక్ అన్నారు. తురకవేపను పర్షియన్ లైలాక్ అన్నారు. పొలం గట్లమీద పచ్చిరొట్ట కోసం పెంచే గ్లైరిసీడియాను మెక్సికన్ లైలాక్ అన్నారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లోనైతే చినగోరంటను దక్షిణాది లైలాక్ అంటారు. ఈ నాలుగూ మన దగ్గర పెరిగేవే. నర్సరీలో ఎవరైనా ‘లైలాక్ ఉంది’ అంటే వీటిలో ఏదో ఒకటి చేతిలో పెడతారు. కాబట్టి ఒక్కోదాని గుణం తెలిసి ఉండాలి.

తురకవేప పూత అందంగా ఉంటుంది, ఆ మాట కాదనలేను. లేత ఊదారంగు, మధ్యలో ముదురు గొట్టం, సాయంత్రం పూట తీపి వాసన. తొందరగా పెరుగుతుంది కూడా. కానీ కొమ్మ పెళుసు. మే నెలలో మనకు వచ్చే గాలివానకు విరిగి తీగలమీద పడేది ఇలాంటి చెట్టే. పసుపుపచ్చని కాయలు గుత్తులుగా చెట్టుకే వేలాడతాయి, తింటే విషం. బడి పిల్లలు తిరిగే వీధిలో నేనైతే నాటను.

గ్లైరిసీడియాది ఇంకో తీరు. మాఘ ఫాల్గుణాల్లో ఆకంతా రాల్చి, మోడు కొమ్మనిండా లేత గులాబీ ఊదా పూలు కట్టుకుంటుంది. అప్పుడు ఆ గట్టు వెంట వెళ్తుంటే కళ్లు తిప్పుకోలేం. అయినా అది పొలానికే తగినది. కొమ్మ నాటితే చాలు బతుకుతుంది, ఏడాదికి రెండుసార్లు నరికితేనే అదుపులో ఉంటుంది, రొట్ట నేలకు బలం. దాని శాస్త్రీయ నామానికి అర్థం ‘ఎలుకలను చంపేది’ అని. గింజ, బెరడు ఎలుకల మందుగా వాడేవారు. ఇంటి ముందుకు తేవాల్సిన పని లేదు.

వేప గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం, ఉగాది పచ్చడి, ఊరమ్మ గుడి. వెడల్పాటి రోడ్డు, ఖాళీ స్థలం ఉంటే మొదటి ఓటు దానికే. కానీ తీగల కింద వేపను నాటడమంటే దాన్ని జీవితాంతం నరకడానికి ఒప్పుకున్నట్టే. రోడ్డు వెంట పోయే తక్కువ వోల్టేజి తీగ నేలనుంచి కనీసం 18 అడుగుల ఎత్తులో ఉండాలి. వేప సునాయాసంగా నలభై అడుగులు దాటుతుంది. తప్పు చెట్టుదీ కాదు, నరికినవాళ్లదీ కాదు. ఎక్కడ నాటాలో ఆలోచించని మనదే.

చినగోరంట, వరగోగు, చెన్నంగి

ఇక నాలుగోది చినగోరంట. దీని దగ్గర కాసేపు ఆగాలి.

పదిహేను, ఇరవై అడుగులకు మించి పెరగదు. ముడతలు పెట్టిన ముఖమల్ గుడ్డలాంటి రేకులు, ఊదా, గులాబీ, తెలుపు రంగుల్లో. వానాకాలం అంతా విడతలు విడతలుగా పూస్తూనే ఉంటుంది. బెరడు రాలిపోయి లోపల నున్నటి చర్మం బయటపడుతుంది, ముట్టుకుంటే జామ కొమ్మ తగిలినట్టే. 1759లో లిన్నేయస్ తన స్నేహితుడు, స్వీడన్ ఈస్టిండియా కంపెనీ వర్తకుడు లాగర్‌స్ట్రోమ్ పేరు కలిపి దీనికి లాగర్‌స్ట్రోమియా ఇండికా అని పేరు పెట్టాడు. ఇండికా అన్నా ఇది ఎక్కువగా చైనా వైపు చెట్టు.

నంద్యాలలో కొన్ని కొత్త కాలనీల ఇళ్ల ముందు దీన్ని చూశాను. ఎర్రమట్టి పోసి కాస్త ఎత్తు చేసిన చోట కళకళలాడుతోంది. ఉత్త రేగడిలో పెట్టిన చోట ఆకు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. కారణం తెలిసిందే. మన నల్లరేగడిలో సున్నం పాలు ఎక్కువ. నేలలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. పైగా వానాకాలంలో రేగడి నీటిని పట్టుకుని వదలదు, చినగోరంటకు వేరు దగ్గర నీరు నిలిస్తే పడదు. కాబట్టి ఇది ఇంటివాళ్లు శ్రద్ధగా చూసుకోగల చోట, ఎత్తు చేసిన మడిలో, రోజంతా ఎండ తగిలేచోట పెట్టాల్సిన చెట్టు. ఫిబ్రవరిలో కొమ్మ చివర్లు కత్తిరిస్తే కొత్త చిగురుకే పూలొస్తాయి. దిక్కులేని వీధి మూలకు ఇది సరిపోదు.

దీనికి ఇద్దరు తోబుట్టువులున్నారు. ఒకటి వరగోగు. వేసవిలో పెద్ద పెద్ద ఊదాపూల గుత్తులతో బెంగళూరు వీధుల్లో మెరిసేది ఇదే. మహారాష్ట్ర రాష్ట్ర పుష్పం కూడా. దీనికి తడి నేల ఇష్టం. కె.సి. కెనాల్ గట్టు వెంట, కుందూ నది ఒడ్డున, చెరువు కట్టల దగ్గర దీన్ని పెట్టి చూడొచ్చు. కానీ నలభై అడుగులు పోగలదు, తీగల దగ్గరకు తేవొద్దు.

రెండోది మనది. నల్లమల చెట్టు. పేరు చెన్నంగి.

గాజులపల్లె దాటి గిద్దలూరు వైపు ఘాట్ ఎక్కుతున్నప్పుడు టేకు, నల్లమద్దిల మధ్య బూడిదరంగు బెరడుతో కనిపిస్తుంది. పూలు చిన్నవి, తెల్లవి, సువాసన. ఎండాకాలంలోనే పూస్తుంది. ఆ రాళ్ల గుట్టల్లో ఎవరూ నీళ్లు పోయకుండానే బతుకుతున్న చెట్టు అది. కట్టెకు గట్టి పేరు. పెరుగుదల నిదానం, కొంచెం పెద్ద చెట్టే అవుతుంది. వీధికన్నా బడి ఆవరణకు, ఆఫీసు ప్రాంగణానికి, పార్కుకు తగినది. నంద్యాలలో ఒక నర్సరీలో ‘చెన్నంగి మొక్క ఉందా’ అని అడిగాను. ఆ కుర్రాడు నవ్వి, ‘అది అడవి చెట్టు గదా సార్, కొనేవాళ్లెవరు?’ అన్నాడు. కడియం నుంచి లారీలో దిగిన విదేశీ మొక్కలు నాలుగు వరుసల్లో పేర్చి ఉన్నాయక్కడ. కడియం వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ ముప్పై కిలోమీటర్లలో అడవి పెట్టుకుని, అక్కడి చెట్టు ఒక్కటి కూడా మన నర్సరీలో దొరక్కపోవడం నాకు బాధ కలిగించింది.

వావిలి

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు మాటకు వస్తాను.

మా నాయనమ్మ ఊరు కుందూ పక్కనే. బాలింత ఉన్న ఇంట్లో పెద్ద ఇత్తడి కాగులో నీళ్లు కాగుతుండేవి. అందులో వావిలాకు. ఆ ఆవిరి వాసన, కొంచెం ఘాటు, కొంచెం చేదు, ఇప్పటికీ ముక్కులో ఉంది. ఒళ్లునొప్పులకు వావిలాకు కాపడం. కందుల గాదెలో పురుగు పట్టకుండా వావిలి రెమ్మలు. సాయంత్రం దోమలకు వావిలాకు పొగ. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రిలో ‘సింధువార పత్రం’ అని పూజిస్తాం కదా, అది వావిలే.

ఇంత దగ్గరగా ఉన్న చెట్టు పూసేది ఏ రంగు? లేత ఊదా. నీలం కలిసిన ఊదా. అచ్చంగా ఇంగ్లీషులో లైలాక్ అనే రంగు. రెమ్మ చివర జానెడు పొడుగు గుత్తిలో వందల చిన్న పూలు. వానలు మొదలైన దగ్గర్నుంచి నెలల తరబడి విడవకుండా పూస్తుంది. పక్కన నిలబడితే తేనెటీగల రొద వినబడుతుంది. ఆకు అయిదు వేళ్లలా విచ్చుకుంటుంది, పైన పచ్చన, అడుగున వెండి తెలుపు. గాలికి తిరగబడినప్పుడు చెట్టంతా రంగు మారుతుంది.

పన్నెండు, పదిహేను అడుగుల దగ్గర నిలిచిపోతుంది. తీగ అందదు. రేగడిలో బతుకుతుంది, గరుసులో బతుకుతుంది, వంక ఒడ్డున వరద నీటిలో రెండు రోజులు నానినా బతుకుతుంది. 2019 సెప్టెంబరులో నంద్యాల, మహానంది ప్రాంతాన్ని ముంచెత్తిన వానలు గుర్తున్నాయా? మహానంది ఆలయంలోకే నీళ్లు వచ్చిన వానలవి. ఊళ్లో ఎన్ని మొక్కలు కుళ్లిపోయాయో! వంకల వెంబడి వావిళ్లు మాత్రం బురద కడుక్కుని చిగురు వేశాయి. ఇంకో గొప్ప గుణం ఉంది. ఆ వాసనకు మేకలు, పశువులు ముట్టవు. ట్రీగార్డు ఎత్తుకుపోయినా మొక్క మిగులుతుంది. మన ఊళ్లలో మొక్కలు చచ్చేది సగం ఎండకు, సగం మేకకు అని ఎరిగినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

మరి ఇన్నాళ్లూ వీధుల్లో ఎందుకు నాటలేదు? ఒకటే కారణం. వావిలి తనంతట తాను పొదలా గుబురుగా పెరుగుతుంది, చెట్టు ఆకారం రాదు. అది దిద్దగల లోపం. గట్టి కొమ్మ ఒకటి ఎంచి, పక్క పిలకలు మొదట్లోనే తీసేస్తూ, రెండేళ్లు కర్ర ఆసరా ఇచ్చి, ఆరడుగుల వరకు ఒంటి మాను చేస్తే ఆపైన గొడుగు పడుతుంది. మా పెరట్లో నేనే చేసి చూశాను. కుందూ గట్టునుంచి తెచ్చి ఆషాఢంలో గుచ్చిన బొటనవేలంత కొమ్మ ఇప్పుడు నా తలకన్నా మూడడుగులు ఎత్తుంది. ఆ మానుకు ఆనుకుని కుర్చీ వేసుకునే ఈ వ్యాసం రాస్తున్నాను. పిలకలు ఏడాదికి రెండు మూడుసార్లు తీయాల్సి వస్తుంది, ఆ పని మాత్రం తప్పదు. వేపలాంటి చల్లటి నీడ దీనికి రాదు, ఆ మాటా దాచను. ఒక మనిషికి, ఒక బండికి సరిపడా నీడ వస్తుంది.

టొరంటో ఫోటోకు జవాబుగా మా అమ్మాయికి వావిలి గుత్తి ఫోటో పంపాను. ‘ఇది నాయనమ్మ చెప్పే వావిలాకు కదా! దీనికి పూలుంటాయా?’ అని అడిగింది. పుట్టినప్పుడు ఆ ఆకు నీళ్లతోనే స్నానం చేయించారు దానికి.

ఆళ్లగడ్డలో, అహోబిలంలో

ఆళ్లగడ్డ మా అక్కావాళ్ల ఊరు. నంద్యాల నుంచి జాతీయ రహదారి మీద నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఊళ్లోకి రాగానే ఉలి చప్పుడు. రోడ్డు పక్క రేకుల షెడ్లు, ముందు వరుసగా నంది, గణపతి, నరసింహుడు, సగం చెక్కిన ధ్వజస్తంభాలు. భౌగోళిక గుర్తింపు పొందిన కళ వాళ్లది. ఇక్కడ చెక్కిన దేవుళ్లు దేశవిదేశాల గుళ్లలో కొలువున్నారు. కానీ చెక్కే మనిషి నెత్తిన ఉన్నది ఇనుపరేకు. మే నెల మధ్యాహ్నం ఆ రేకు కింద నేను పది నిమిషాలు నిలబడలేకపోయాను.

‘చెట్టుంటే బాగుంటాది గానీ, రాతిపొడి పడి ఆకు చచ్చిపోతాదన్నా’ అన్నాడొక శిల్పి. నిజమే. రాతిధూళి ఆకుమీద పేరుకుంటే ఊపిరాడదు. అతని షెడ్డు వెనక కానుగ చెట్టొకటి మాత్రం నిగనిగలాడుతోంది. నున్నటి ఆకు, ఒక్క వానకు కడుక్కుపోతుంది. ఏటా చిగురు మారుస్తుంది. చవుడు నేలనూ, నీరు నిలిచే నేలనూ ఓర్చుకుంటుంది. పూత చూశారా ఎప్పుడైనా? తెలుపులో ఊదా కలిసిన చిన్న పూలు, వేసవి మొదట్లో నేలంతా బొరుగులు చల్లినట్టు రాలతాయి. మనం కానుగను నీడ చెట్టుగానే చూశాం, పూలచెట్టుగా ఎవరూ చూడలేదు.

దిగువ అహోబిలం నుంచి ఎగువకు వెళ్లే దారిలో కారంజ నరసింహస్వామి గుడి ఉంది. నవనారసింహుల్లో ఒకరు. కరంజం అంటే కానుగ. కానుగ చెట్టు కింద వెలసిన స్వామి కాబట్టి ఆ పేరు. మర్రి నీడన ఉన్న స్వామికి ఛత్రవట నరసింహుడని పేరు. చెట్టు పేరునే దేవుడికి పెట్టుకున్న సీమ ఇది. ఆళ్లగడ్డ శిల్పులుండే దారికి తీగలు లేని వైపంతా కానుగ, తీగలున్న వైపు వావిలి. నన్నడిగితే ఇంతకన్నా మంచి జత లేదు. కానుగ ముప్పై అడుగులు పోతుంది కాబట్టి వైపు తప్పకూడదు.

ఒకే చెట్టును ఊరంతా నాటొద్దు

వావిలి బాగుందని ఊరంతా అదే నాటితే మళ్లీ తప్పులో కాలేసినట్టే. ఇది నా భయం ఒక్కటే కాదు, దీనికి చరిత్ర ఉంది.

అమెరికా నగరాల్లో ఒకప్పుడు వీధి వీధినా ఎల్మ్ చెట్లు. తెగులొచ్చి అవి పోతే వాటి చోట యాష్ చెట్లు నాటారు. యాష్ కూడా లైలాక్ కుటుంబమే. 2002లో డెట్రాయిట్ దగ్గర ఆసియానుంచి వచ్చిన పచ్చరంగు పెంకుపురుగొకటి యాష్ మానుల్లో కనబడింది. ఆ తర్వాత కోట్ల చెట్లు చచ్చాయి. అప్పటికే, 1990లో, అమెరికా జాతీయ వృక్షవనంలో పనిచేసిన శాంటమోర్ అనే శాస్త్రవేత్త ఒక లెక్క చెప్పి ఉన్నాడు. ఊరి చెట్లలో ఏ ఒక్క జాతీ 10 శాతం, ఏ ఒక్క ప్రజాతీ 20 శాతం, ఏ ఒక్క కుటుంబమూ 30 శాతం దాటకూడదన్నాడు. విన్నవాళ్లు తక్కువ.

మన దగ్గరా చూశాం. 2021లో తెలంగాణలో వేపలు కొమ్మ చివర్నుంచి ఎండుతూ వచ్చాయి. శిలీంధ్రం పని అని శాస్త్రవేత్తలు తేల్చారు. మా వీధి మోడు కూడా ఆ పోలికతోనే పోయింది. విశాఖలో హుద్‌హుద్ తుపాను తర్వాత వీధుల్లో విరివిగా నాటిన ఏడాకులపాల పూతకొచ్చాక, ఆ ఘాటుకు ఊపిరి బాధలొస్తున్నాయని జనం మొరపెట్టుకున్నారు. కోనోకార్పస్ కథ అందరికీ తెలుసు. పచ్చగా, తొందరగా పెరుగుతుందని రోడ్ల మధ్య కిలోమీటర్ల కొద్దీ నాటారు. తెలంగాణ 2022లో, గుజరాత్ 2023లో దాన్ని నాటొద్దన్నాయి. మన రాష్ట్రంలోనూ 2024 ఆగస్టులో వనమహోత్సవం వేళ అటవీశాఖ మంత్రి కోనోకార్పస్ వద్దు, మన చెట్లే నాటండని కోరారు.

కాబట్టి వీధికొక చెట్టు చొప్పున మార్చి నాటాలి. ఒక వీధిలో వావిలి. పక్క వీధిలో దేవకాంచనం. ఇది కూడా ఊదాపూలదే, వానలు వెనకబట్టాక పూసి కార్తీకం దాకా నిలుస్తుంది, ఆకు ఆవుగిట్టలా రెండుగా చీలి ఉంటుంది. కాస్త ఎత్తు పెరుగుతుంది గానీ కత్తిరింపుకు ఓర్చుకుంటుంది. గుడి ముందు, శుభ్రంగా ఊడ్చుకునే వాకిళ్ల ముందు పారిజాతం. చూసుకునే మనిషి ఉన్న ఇంటికి చినగోరంట. వెడల్పు రోడ్లకు కానుగ, వేప. బడికి చెన్నంగి.

గుంట, మన్ను, నీళ్లు

ఏ చెట్టైనా గుంటలోనే సగం గెలుస్తుంది. రేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రె లేత వేళ్లను తెంపేస్తుంది. అందుకని గుంట మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు తవ్వి, తీసిన రేగడిలో సగం బయట పోసేసి, మిగిలిన సగానికి ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. వేసవిలోనే తవ్వి ఎండకు వదిలితే ఇంకా మంచిది. మొక్క కొనేటప్పుడు కవరు అడుగు చూడండి. వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే ఆ మొక్క వద్దు, పదేళ్లయినా ఆ చుట్ట విప్పుకోదు, పెనుగాలికి కూలుతుంది.

మొదటి రెండు వేసవులు మూడు రోజులకోసారి రెండు బిందెల నీళ్లు. మూడో ఏడు దాని బతుకు అది బతుకుతుంది.

మొదలు చుట్టూ సిమెంటు వేయనివ్వకండి. రోడ్డు వేసేవాళ్లు మాను గొంతుదాకా కాంక్రీటు పోసి పోతారు. ఢిల్లీలో చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని 2013లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. మనకు దానికన్నా అందమైన దారి ఉంది. బేతంచెర్ల నాపరాళ్లు ముక్కలుగా, సందులు వదిలి మొదలు చుట్టూ పరిస్తే నీళ్లు దిగుతాయి, మనిషి కూర్చోడానికి అరుగూ అవుతుంది. పెరిగిన చెట్టు జోలికి ఎవరైనా వస్తే 2002 నాటి వాల్టా చట్టం ఉందని గుర్తు చేయండి, అనుమతి లేకుండా కొట్టకూడదు.

నంద్యాలలో 1906 నుంచి నడుస్తున్న వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది. మహానందిలో వ్యవసాయ కళాశాల ఉంది. పత్తికి, శనగకు, జొన్నకు కొత్త రకాలు తీసిన చేతులకు ఒంటి మాను వావిలి, చెన్నంగి మొక్కలు పెంచి మునిసిపాలిటీలకు ఇవ్వడం పెద్ద పని కాదు. రెండు జాతులు, ఏటా కొన్ని వేల మొక్కలు. పెద్దలు ఆలోచించాలని వేడుకుంటున్నాను.

మా వీధిలో ఎండిపోయిన వేప మోడు తీసేశారు. ఆ గుంటలో నా పెరటి వావిలి కొమ్మ ఒకటి పెట్టబోతున్నాం. తీగ దానికి పైన ఉంటుంది. మీ వీధిలోనూ పెట్టాలనుకుంటే కొమ్మ కొనక్కర్లేదు. కుందూ గట్టున, మీ ఊరి వంక పక్కన ఉంటుంది, లేదంటే మా ఇంటికి రండి, ఇస్తాను. కొమ్మ నాటడానికి అదనైన ఆరుద్ర కార్తె జూన్ మూడో వారం దాటగానే మొదలవుతుంది. గుంట మాత్రం ఇప్పుడే తవ్వించండి.